పళ్ళ బండి పట్టని సందు

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. జీతం అందుకునేటప్పుడు సంతకం చేయడానికి తప్ప దానితో ఎవరికీ పని పడేది కాదు. మిగతా వేళల్లో ఆమె పళ్ళక్క. బడి గేటు పట్టుకుని వేలాడే పిల్లల దగ్గర్నించి మునిసిపల్ ఆఫీసు మెట్ల పక్కన టీ కాచే మనిషి దాకా అందరికీ పళ్ళక్కే. కొత్తవాళ్ళు ఆ పిలుపు విని, ఈవిడ నారింజలూ ద్రాక్షలూ అమ్ముకుంటుంది కాబోలనుకునేవాళ్ళు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మన భాషలో చెట్టుకు కాసేవీ పళ్ళే, నోట్లో మొలిచేవీ పళ్ళే. ఒకటి ఇంకొకదాన్ని కొరుకుతుంది, అంతే తేడా.

మునిసిపాలిటీ వారి పాత వ్యానులో ఆమె బడి బడికీ తిరిగేది. లోపల వెనక్కి వాలే కుర్చీ, దాని మీదికి వంగి చూసే దీపం, చేతులు కడుక్కునే తొట్టి, అద్దాల అలమరా. తలుపు తెరిస్తే ముందు లవంగనూనె వాసన, తర్వాత రబ్బరు వాసన, వాటి వెనకాల ఎండకి కాగిన ఇనుము వాసన. వారానికొకసారి డాక్టరు వచ్చి పూడ్చవలసిన పళ్ళు పూడ్చి, పీకవలసినవి పీకి వెళ్ళేవాడు. మిగిలిన రోజులన్నీ పళ్ళక్కవే. నోరు చూడటం, పళ్ళకి పట్టిన గార తీయడం, పంటి మీద పుచ్చు పట్టకుండా పల్చటి మందు పూత పూయడం, బ్రష్షు ఎలా పట్టుకోవాలో నేర్పడం.

ఆ వ్యాను మీద పేరు రాసిన పెయింటరుకి 'పిల్లల పళ్ళ బండి' అని రాయమని మాత్రమే చెప్పారట. రాశాడు. పక్కన కాస్త చోటు మిగిలిపోయిందని ఒక యాపిల్‌నీ ద్రాక్షగుత్తినీ కూడా వేశాడు. అప్పట్నించీ బండి ఎక్కడ ఆగినా సంచులు పట్టుకుని ఎవరో ఒకరు వచ్చేవారు. డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని, ఇవి తినే పళ్ళు కావమ్మా, కరిచే పళ్ళు అని చెప్పి పంపేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నా అతనికి విసుగు పుట్టేది కాదు. వినీ వినీ పళ్ళక్కకే పుట్టేది.

పిల్లలతో మాట్లాడటానికి ఆమె దగ్గర వేరే భాష ఉండేది. నోట్లో పెట్టే చిన్న అద్దం 'చెంచాలో చందమామ'. మందు పూత 'పంటికి చొక్కా'. నొప్పి అన్న మాటా సూది అన్న మాటా ఆ బండి ఎక్కేవి కావు. కుర్చీలో కూర్చున్న పిల్ల భయంగా పైకి చూస్తే ఆ కళ్ళల్లో దీపం రెండుగా వెలిగేది. పళ్ళక్క ఆ రెండు దీపాలకేసి చూస్తూ, నీ పళ్ళన్నీ చలికి వణికిపోతున్నాయి, చొక్కాలు తొడగనా అని అడిగేది. నోరు తెరుచుకునేది.

తల్లులకి చెప్పే మాట వేరు. ఎక్కువమంది తల్లులు చేసే పొరపాటు ఒకటే. ఆరేళ్ళప్పుడు నోట్లో బాగా వెనక ఒక పెద్ద పన్ను వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండా, ఎవరినీ లేపకుండా, సందడి లేకుండా వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చిపోయినా, ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. పళ్ళక్క ఆ తల్లి వేలు పట్టుకుని పిల్ల నోట్లో ఆ పంటి మీద పెట్టించేది. ఇది అద్దెకి రాలేదమ్మా, సొంతిల్లు కట్టుకుంది, ముసలితనం దాకా ఇక్కడే ఉంటుంది అని చెప్పేది.

చెంపకి అరచెయ్యి ఆనించుకుని కూర్చున్న పిల్లని ఆమె తరగతి గుమ్మంలోంచే గుర్తుపట్టేది. ఆ పిల్లకి పాఠం వినపడదు. పక్కవాళ్ళు నవ్వితే ఎందుకు నవ్వారో తెలియదు. లోపల నొప్పి ఎవరో తలుపు కొడుతున్నట్టుంటే బయటి మాటలు ఎలా వినపడతాయి? అలాంటి పిల్లని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి నడిపించడమే తను ఈ లోకంలో చేయగలిగిన మంచి పని అని పళ్ళక్క నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆమె రోజులు నడిచేవి.

ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. భర్త పోయి చాలాకాలమైంది. అత్తగారి నోట్లో ఒక్క పన్ను లేదు. పోయిన పళ్ళన్నిటి పనీ నాలుక ఒక్కటే చేసుకొచ్చేది. ఊళ్ళో పిల్లల నోళ్ళన్నీ కడిగొస్తావు, ఇంట్లో నా నోరు మాత్రం నీకు కనపడదు అని ఆవిడ దెప్పితే, "కనపడదు అత్తయ్యా, వినపడుతుంది" అనేది కోడలు. ఆ జవాబుకి ముందు నవ్వేది అత్తగారే.

ఆవిడ మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళిన కథ ఊరందరికీ తెలుసు. కట్టుడు పళ్ళకి ఆఫీసువాళ్ళు సాయం చేస్తారని ఎవరో చెబితే, కోడలికి చెప్పకుండా ఒక్కతే బయల్దేరి వెళ్ళింది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా బోర్డు: 'ఇచ్చట పన్ను కట్టించుకొనబడును.' సరైన చోటికే వచ్చానని సంతోషించి వరసలో నిలబడింది. అంతమంది మగవాళ్ళకి పళ్ళు లేవా పాపం అని జాలిపడింది కూడా. తన వంతు వచ్చాక కిటికీ లోపలి గుమాస్తా తలెత్తకుండా, ఏ పన్నమ్మా, ఇంటిపన్నా నీటిపన్నా అని అడిగాడు. ఆవిడ కిటికీలోకి వంగి, నోరు బాగా తెరిచి చూపించి, "ఏదని చెప్పను నాయనా, అన్నీ కట్టాలి" అంది. ఆ గుమాస్తా ఆవేళ ఇంకెవరి దగ్గరా డబ్బు సరిగ్గా లెక్కపెట్టుకోలేకపోయాడని చెప్పుకుంటారు.

ఇలాంటి తికమకే ఒకటి ఇన్నేళ్ళుగా పళ్ళక్క ఉద్యోగాన్ని కాపాడుకొస్తోందని మాత్రం ఎవరికీ తెలియదు, ఆమెతో సహా.

ఆ సంవత్సరం ఆఫీసుకి ఒక కొత్త ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు, మెత్తటి గొంతు. ప్రతి ఖర్చునీ వెలుతురులోకి ఎత్తి పట్టి చూసే అలవాటు. డ్రైవరు చూసిన మొదటి రోజే ఆవిడకి లెక్కలమ్మ అని పేరు పెట్టేశాడు. ఒక ఉదయం లెక్కలమ్మ దగ్గర్నించి పళ్ళక్కకి పిలుపు వచ్చింది. బండి టైర్ల సంగతేమో అనుకుంటూ వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"మీరు పళ్ళు ఎక్కడ కొంటారండీ?" అని అడిగింది లెక్కలమ్మ.

పిల్లలకి చూపించడానికి ఆమె దగ్గర రెండు చేతులా పట్టుకునేంత ప్లాస్టిక్ పలువరస ఒకటుండేది. దాని సంగతి అనుకుంది పళ్ళక్క. "డాక్టర్ల సామాన్ల దుకాణంలో మేడమ్. ఒకసారి కొంటే చాలా ఏళ్ళు వస్తాయి."

"ఏళ్ళ తరబడి ఎలా ఉంటాయి? కుళ్ళిపోవా?"

"రోజూ తోముతుంటే ఎందుకు కుళ్ళుతాయి మేడమ్?"

లెక్కలమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత విషయం ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. ఆఫీసరు అంత నవ్వగలదని పక్క గదిలోవాళ్ళకి ఆ రోజే తెలిసింది.

జరిగిందేమిటంటే, ఎప్పుడో ఒక గుమాస్తా 'బడిపిల్లల పళ్ళ పథకం' అన్న మాట చూసి, దాన్ని మధ్యాహ్న భోజనంలో పిల్లలకిచ్చే అరటిపళ్ళ పక్కన చేర్చేశాడు. అది అక్కడే ఉండిపోయింది. ఏటా సమావేశంలో ఎవరో చదివేవారు, సభ్యులు చేతులెత్తేవారు. పసిపిల్లలకి పళ్ళు వద్దని ఎవరంటారు? అలా పళ్ళక్క జీతం, డ్రైవరు జీతం, బండి డీజిలు అన్నీ అరటిగెల చాటున బతుకుతూ వచ్చాయి.

నవ్వు ఆగాక లెక్కలమ్మ ముఖం మళ్ళీ నెమ్మదించింది. ఇక దీన్ని అక్కడ ఉంచడానికి వీల్లేదని చెప్పింది. విడిగా తీసి పెట్టాలి. పెడితే సభ్యులు అడుగుతారు. రోడ్లు, కాలువలు, వీధిదీపాలు అన్నీ అదే డబ్బు కోసం చెయ్యి చాచి నిలబడి ఉన్నాయి. ఈ బండి వల్ల పిల్లలకి ఒరిగేదేమిటో చూపించకపోతే వచ్చే సమావేశంలో ఒక్క మాటతో కొట్టేస్తారు.

పళ్ళక్క కుర్చీలో ముందుకి జరిగింది. పిల్లల నవ్వులు చూస్తే తెలియదా, ఒకసారి వచ్చి బండి దగ్గర నిలబడమనండి అంది. లెక్కలమ్మ గొంతు పెంచలేదు. "మంచి పనేనని నాకూ తెలుసు. ఎంత మంచి, దేనివల్ల మంచి, అది చెప్పాలి నేను" అంది.

ఇద్దరూ కూర్చుని దారి ఆలోచించారు. కొన్ని బళ్ళు ఎంచుకోవాలి. పెద్ద తరగతి పిల్లల నోళ్ళు వరసగా చూడాలి. చూసి చెప్పేది పళ్ళక్క, రాసుకునేది లెక్కలమ్మ. డాక్టరుకి అంత తీరిక లేదు. పోల్చి చూడటానికి బండి వెళ్ళని బడి కూడా ఒకటి కావాలంది లెక్కలమ్మ.

పళ్ళక్క కొంచెం తటపటాయించి, సందు బడి ఉంది అంది.

అది నిజంగానే సందు. ఒక వైపు కుట్టుమిషన్ల చప్పుడు, ఒక వైపు సైకిళ్ళు బాగుచేసే కొట్టు, పైన ఈ కిటికీ నించి ఆ కిటికీకి బట్టలారేసే తాళ్ళు. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరూ పక్కకి తిరిగి, ఒకరి ఊపిరి ఒకరికి తగలనిచ్చి దాటుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో డ్రైవరు ఒకసారి పౌరుషానికి పోయి బండిని అందులోకి దూర్చబోయాడు. గోడకి తెల్లరంగు, బండికి సున్నం అంటుకున్నాయి. పక్క అద్దం సైకిలు కొట్టువాడి ఒళ్ళో పడింది. ఆ తర్వాత బండి సందు మొగలో ఆగిపోయేది. పళ్ళక్క సంచీ భుజాన వేసుకుని ఒక్కతే నడిచి వెళ్ళేది.

అక్కడ కుర్చీ లేదు, దీపం లేదు. రెండు బెంచీలు కలిపి పిల్లని పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని మందు పూత పూసేది. ఇంకేం చేయడానికీ వీలుండేది కాదు. మిగతా బళ్ళ పిల్లలు బండి ఎక్కి కుర్చీలో ఊగుతుంటే, వీళ్ళకి ఆ భాగ్యం లేదే అని ఆమెకి మనసు చివుక్కుమనేది. అందుకే బండి రానందుకు బదులుగా, ఏడ్చే పిల్ల చేతిలో ఆటబొమ్మ పెట్టినట్టు, ఏటా ఆ బడికి బ్రష్షులూ పేస్టూ ఇచ్చేది. భోజనాలయ్యాక రోజూ దగ్గరుండి తోమించమని పెద్ద టీచర్ని బతిమాలింది. పెద్ద టీచరు ఊ అన్నదాన్ని మరిచిపోయే మనిషి కాదు. గోడకి మేకులు కొట్టించి, మేకులకి బ్రష్షులు తగిలించి, ఎవరి బ్రష్షుకి వాళ్ళ రంగు దారం కట్టించింది. ఇదంతా పళ్ళక్క చూసింది. చూసి, పాపం పిచ్చి తల్లి, ఉన్నదాంతో సర్దుకుంటోంది అనుకుంది.

ముందు బండి వెళ్ళే బళ్ళు చూశారు. పిల్లలు అలవాటుగా పరుగెత్తుకొచ్చి బండి చుట్టూ మూగారు. పళ్ళక్కకి గుండె నిండిపోయింది. చూశారా మేడమ్ అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత నోళ్ళు తెరిపించడం మొదలుపెట్టింది. పూడ్చిన పన్ను, బాగుంది. పూడ్చిన పన్ను, దాని పక్కన పుచ్చు. పూడ్చిన పంటి అంచునే మళ్ళీ పుచ్చు. లెక్కలమ్మ కలం మాట్లాడకుండా కదిలేది. ఇవన్నీ పళ్ళక్కకి తెలియనివి కావు. కానీ ఎప్పుడూ ఒక నోరు తర్వాత ఒక నోరుగా చూసిందే తప్ప, అన్నీ కలిపి ఒకే నోరుగా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ నోరు ఆమె ముందు తెరుచుకుంటోంది. బండి వచ్చి వెళ్ళాక మళ్ళీ బండి వచ్చేదాకా ఆ నోటిని పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఒక తరగతిలో పిల్లలు పళ్ళక్కకి పాట వినిపిస్తామన్నారు. పళ్ళు తోముకోవడం మీద తనే కట్టి నేర్పిన పాట. ఒక్క అక్షరం తప్పకుండా, చేతులూపుతూ చక్కగా పాడారు. పాడుతున్న నోళ్ళలో పళ్ళ మీద పసుపుపచ్చటి పాచి. పాట నోటికి వచ్చింది, పళ్ళ దాకా రాలేదు.

అప్పటికీ ఆమె ధైర్యం చెదరలేదు. బండి వచ్చే బడే ఇలా ఉంటే బండి రాని బడి ఎంత ఘోరంగా ఉండాలి? సందు బడి చూశాక లెక్కలమ్మకి బండి విలువ తెలుస్తుంది అనుకుంది.

సందు బడిలో రెండు బెంచీలు కలిపారు. కిటికీలోంచి పడే ఎండ చాలకపోతే నుదుటికి కట్టుకున్న చిన్న దీపం వెలిగించుకుంది. మొదటి పిల్లాడు పడుకున్నాడు. చూసింది. బాగుంది అంది. రెండో పిల్ల. బాగుంది. మూడో నోట్లో వెనక పంట్లో చిన్న పుచ్చు కనిపిస్తే, ఎందుకో ప్రాణం లేచి వచ్చినట్టయింది, వెంటనే ఆ ప్రాణానికి సిగ్గేసింది. తర్వాత మళ్ళీ బాగుంది. బాగుంది. ఎవరో తన చేతే తన ఇంటి గోడలోంచి ఇటుకలు తీయిస్తున్నట్టుంది ఆ మాట.

ఇంతలో ఒక పిల్ల వచ్చి పడుకుంది. కోరపన్ను ఊడి, ఆ సందులోంచి నాలుక కొస బయటికి తొంగిచూస్తున్న పిల్ల. ఆ వెనక పెద్ద పన్ను మీద, గాడిలో, సన్నటి నల్లగీత. ఎండిన కాలువలో చివరి నీటిచార లాంటి గీత. పళ్ళక్క చెయ్యి ఆగింది.

"పుచ్చా?" అని అడిగింది లెక్కలమ్మ, కలం కాగితం మీద ఆనించి.

ఆ గదిలో ఆ గీతని చదవగలిగింది పళ్ళక్క ఒక్కతే. పుచ్చు అంటే పుచ్చు. ఎవరూ కాదనరు. అలాంటి గీతలు ఈ బడిలో ఇంకా చాలామందికి ఉంటాయని ఆమెకి తెలుసు. ఈ ఒక్కదాన్ని పుచ్చు అంటే మిగతావన్నీ నోరు జారినంత తేలిగ్గా పుచ్చులైపోతాయి. అప్పుడు సందు బడీ మిగతా బళ్ళలాగే కనిపిస్తుంది. బండి ఉంటుంది. కుర్చీ ఉంటుంది. సందు మొగలో బండి దగ్గర ఈల వేసుకుంటూ కాచుకున్న డ్రైవరు కొలువు ఉంటుంది. గేటు దగ్గర పరుగెత్తుకొచ్చే పిల్లలుంటారు. పుచ్చు. రెండే అక్షరాలు.

పళ్ళక్క దూదితో ఆ పంటిని తుడిచింది. మళ్ళీ తుడిచింది. దీపం దగ్గరికి వంచింది. గీత అడుగున పన్ను గట్టిగా, నున్నగా, కడిగిన గులకరాయిలా మెరుస్తోంది. ఒళ్ళో ఉన్న పిల్ల కళ్ళు మూసుకోకుండా ఆమెనే చూస్తోంది. నోరు తెరిచి తెరిచి దవడ నొప్పి పుడుతున్నా కదలడం లేదు. అంత నమ్మకంగా నోరు తెరిచిన మనిషి మీద అబద్ధం రాయించడం ఎలా?

"మరక మేడమ్" అంది పళ్ళక్క. "పుచ్చు కాదు. బాగుంది."

ఆ తర్వాత వచ్చిన గీతలన్నీ, తుడిచి చూస్తే, మరకలే అయ్యాయి.

సందు మొగలో ఆమె బండి ఎక్కి కూర్చుంది. లెక్కలమ్మ తన దారిన ఆఫీసుకి వెళ్ళిపోయింది. డ్రైవరే అడిగాడు, సందు పిల్లల సంగతేమిటక్కా అని. చెప్పింది. అతను ఇంజను స్టార్టు చేయబోయి ఆగాడు.

"అయితే మనం వెళ్ళనిచోటే బాగున్నారన్నమాట."

"అన్నమాట."

"ఇన్నేళ్ళూ వెళ్ళకూడని చోట్లన్నిటికీ నిన్ను నేనే భద్రంగా తీసుకెళ్ళాను" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కాసేపటికి, అద్దంలోకి చూస్తూ, మెల్లగా అన్నాడు. "నీ నోట్లో మాటేగా అక్కా. కొంచెం అటో ఇటో అని ఉండాల్సింది."

"వాళ్ళ నోట్లో ఉన్నదే చెప్పాను తమ్ముడూ" అంది పళ్ళక్క. అతనికి ఇద్దరు ఆడపిల్లలున్నారని ఆమెకి తెలుసు. ఆ మాట అన్నాక కిటికీలోంచి బయటికి తిరిగి కూర్చుంది.

లెక్కలమ్మ లెక్కలు తేల్చి మళ్ళీ పిలిచింది. కాగితాలు చూపించలేదు. టీ తెప్పించి, మామూలుగా మాట్లాడుతున్నట్టు చెప్పింది. బండి ఒక్క బడికి వెళ్ళిరావడానికయ్యే డీజిలు, టైర్లు, మరమ్మతులు, జీతాలు కలిపితే, ఆ డబ్బుతో సందు బడి పిల్లలందరికీ ఏడాదంతా బ్రష్షులూ పేస్టూ మందు పూతా వస్తాయి. ఒక పన్ను పాడయ్యాక దాన్ని బాగుచేయడానికి మునిసిపాలిటీ పెట్టేది ఒక్కటే ఖర్చు కాదు. పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు తల్లికి కూలి పోతుంది, పిల్లకి బడి పోతుంది. అవీ కలిపాను అంది. పాడు కాకుండా కాపాడిన పంటికి అవేవీ లేవు. పని చేసింది మీ పూతా, దానికి తోడు రోజూ తోమించిన టీచరమ్మ మేకులూ. బండి కాదు. బండిని అమ్మేసి ఊరంతా ఆ పద్ధతే పెడదాం అంది.

పళ్ళక్క టీ చల్లారిపోయింది. తను ఊరడింపుగా ఇచ్చినదే అసలు మందయింది. అసలు మందని ఊరేగించింది ఉత్త ఊరేగింపయింది. దీనికి సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. రెండూ చేయకుండా ఒక్కటే అడిగింది.

"ఇప్పటికే నొప్పితో ఉన్న పిల్ల సంగతేంటి మేడమ్? ఆ పిల్లకి బ్రష్షు చేతిలో పెట్టి ఏం చెప్పను?"

లెక్కలమ్మ కాగితాలు ఒకసారి తిరగేసింది. ఆ పిల్లని లెక్కలో మరిచిపోయానని ఒప్పుకుంది. బండి అమ్మగా వచ్చిన దాంట్లోంచి మునిసిపల్ ఆస్పత్రిలో వారానికో పూట బడిపిల్లల కోసమే డాక్టరు కూర్చునేలా చేయాలని పళ్ళక్క పట్టుబట్టింది. చెంప పట్టుకున్న పిల్లని టీచరు చీటీ రాసి పంపాలి, డాక్టరు ఆ పిల్లని వరసలో నిలబెట్టకుండా ముందే చూడాలి. ఇది లేకపోతే తను ఆ సమావేశానికి రానంది. లెక్కలమ్మ అక్కడికక్కడే దాన్నీ రాసుకుంది.

సమావేశం అనుకున్నదానికంటే తొందరగా అయిపోయింది. ఈసారి పథకం పేరులో పళ్ళు అన్న మాట లేకుండా, దంత రక్షణ అని రాసుకొచ్చింది లెక్కలమ్మ. ఊళ్ళో బళ్ళన్నిటికీ సందు బడి పద్ధతే అని తేలింది. చివరికి ఒక పెద్దమనిషి మాత్రం లేచి, ఇదంతా బాగానే ఉంది, పిల్లలకి పళ్ళు ఎందుకు ఆపేస్తున్నారో చెప్పమని అడిగాడు. ఆయనకి సర్దిచెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

ఆ సాయంత్రం సంగతంతా విని అత్తగారు, "ఊరందరి పళ్ళూ పీకించి పీకించి, ఆఖరికి నీ కుర్చీ నువ్వే పీక్కున్నావన్నమాట" అంది. కోడలు సంచీ సర్దుకుంటూ ఉండిపోయింది. ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు రాకపోయేసరికి ఆవిడకి తోచలేదు. లేచి వచ్చి, కోడలి పక్కన గోడకి చేరగిలబడి కూర్చుంది. "కాళ్ళు నొప్పులు పుడతాయే నడవాలంటే. నూనె వెచ్చబెట్టి ఉంచుతాలే" అంది కొంతసేపటికి.

నిజంగానే నడవాలి. బండిని ఎవరో కొనుక్కుని ఆ యాపిలూ ద్రాక్షా మీద వేరే రంగు వేయించుకున్నారు. డ్రైవర్ని నీళ్ళ ట్యాంకరుకి మార్చారు. జీతం తగ్గలేదు గానీ, తెల్లవారకముందే లేవాలి. ఎదురుపడినప్పుడు హారను కొట్టి, ట్యాంకరు కూడా సందుల్లోకి వెళ్ళదక్కా, ఆ పుణ్యాన అక్కడ నీళ్ళు కూడా బాగుపడతాయేమో చూడు అనేవాడు. మొదట్లో ఆ ఎగతాళిలో చిన్న ముల్లు ఉండేది. పోనుపోను ఆ ముల్లు అరిగింది.

పళ్ళక్క సంచీ భుజాన వేసుకుని బడి బడికీ తిరిగి టీచర్లకి నేర్పింది. కొందరు మూతి ముడిచారు. పాఠాలు చెప్పాలా, నోళ్ళు కడగాలా అన్నారు. ఆమె వాదించలేదు. పక్కన నిలబడి తనే తోమించి చూపించి, మర్నాడు మళ్ళీ వచ్చేది. ఆ మర్నాడు మళ్ళీ. ఈమె వదలదని తెలిసి వాళ్ళే మేకులు కొట్టుకున్నారు. మందు పూతకి మాత్రం ఆమె చెయ్యే కావాలి. ఏడాదికి రెండుసార్లు బెంచీలు కలిపి, తలలు ఒళ్ళో పెట్టుకుని, చొక్కాలు తొడిగి వెళ్ళేది. చెంప పట్టుకున్న పిల్ల కనిపిస్తే చీటీ రాయించి, ఒక్కోసారి తనే ఆస్పత్రి దాకా నడిపించేది.

పిల్లలు పరుగెత్తుకుంటూ ఎదురొచ్చే రోజులు మాత్రం పోయాయి. సంచీ పట్టుకుని గేటులోంచి నడిచివచ్చే నడివయసు మనిషి కోసం ఎవరు పరుగెత్తుతారు? కొత్తగా చేరిన పిల్లలకి పళ్ళక్క అన్న పేరే తెలియదు. అది ఆమెని బాధించలేదని చెబితే అబద్ధం. వీధి మలుపులో ఏ వ్యాను చప్పుడు వినపడినా, పెద్దగా ఆశేమీ లేకుండానే తల ఒకసారి అటు తిరిగేది.

ఒకప్పుడు పాట చక్కగా పాడిన ఆ బడికే ఒక మధ్యాహ్నం వెళ్ళింది. భోజనాలు అయిపోయాయి. వరండా పొడవునా కాలువ అంచున పిల్లలు కూర్చుని తోముకుంటున్నారు. పాట లేదు. చేతులన్నీ తలోరకంగా కదులుతుంటే ఎండాకులు గాలికి రాసుకుంటున్నట్టు సన్నటి చప్పుడు మాత్రం ఉంది. టీచరు స్తంభానికి ఆనుకుని, ఒక కంట పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఒక కంట వీళ్ళని చూస్తోంది. పళ్ళక్కని చూసి, అయిపోనివ్వండి, ఆగండి అన్నట్టు చెయ్యి చూపించింది. పళ్ళక్క ఆగింది. ఎవరూ తలెత్తలేదు. నోటినిండా నురగతో, ఎవరి పనిలో వాళ్ళున్నారు.

కాలువ అంచున చోటు దొరక్క ఆ చివర గోడవారన కూర్చున్న ఒక పసిది మాత్రం లేచి వచ్చి ఆమె ముందు నిలబడింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మాట్లాడటానికి లేక మోచేత్తో ఆమె చీర కుచ్చిళ్ళని తోసింది. పళ్ళక్కకి అర్థం కాలేదు. ఏం కావాలమ్మా అని వంగింది. పసిది తల పైకెత్తి, నురగ కిందికి కారకుండా, పళ్ళ మధ్యలోంచి అతి కష్టం మీద అంది.

"జరుగు. ఉమ్మాలి."

పళ్ళక్క గబుక్కున కాలువ అంచు నించి పక్కకి జరిగింది.